కెమెరా బాడీ మార్చాలా, వద్దా? దూరపు పక్షుల ఫోటోలు తీసేవాళ్లు డబ్బు పెట్టే ముందు చేయాల్సిన పనులు

చలికాలం మొదలై కోరింగ వైపు, కాకినాడ సముద్రపు బురద నేలల వైపు వలస పక్షులు దిగాయంటే చాలు, నాకు ఫోన్లు వస్తాయి. అడిగేది ఒకటే. "అన్నా, 500 లెన్స్ ఉంది, ఐదారేళ్ల నాటి బాడీ ఉంది, పక్షి దూరంగా ఉంటే ఈకలు కనపడటం లేదు, బాడీ మార్చేయమంటావా?" దీనికి ఫోన్‌లో అవునని గానీ కాదని గానీ చెప్పడం అన్యాయం. మీరు పెట్టబోయేది చిన్న డబ్బు కాదు. పైగా ఫోటో పాడవడానికి ఉన్న కారణాల్లో బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) ఒక్కటి మాత్రమే, చాలాసార్లు అది ఆఖరి కారణం.

ఈ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫోటో పడే చిప్ చిన్నది) కెమెరా ఇచ్చేసి, అదే 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (ఆ చిప్ పెద్దది) బాడీ కొన్నాను. షాపులో "ఫుల్ ఫ్రేమ్ అంటే క్వాలిటీ సార్" అన్నారు, నమ్మాను. మర్నాడే చెరువు గట్టు మీద అదే లెన్స్‌తో, అదే చోట కూర్చుని తీస్తే పక్షి మునుపటి కన్నా చిన్నగా వచ్చింది. ఎందుకలా అయిందో ఆరో అడుగులో లెక్కతో చెప్తాను. మీకు ఆ నష్టం రాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

కావలసినవి: మీ కెమెరా, లెన్స్. ఈ మధ్య మూడు నాలుగు సార్లు వెళ్లినప్పుడు తీసిన ఫోటోలన్నీ, బాగా రానివి డిలీట్ చేయకుండా. కంప్యూటర్. ట్రైపాడ్, లేదా లెన్స్ కింద పెట్టుకునే గింజల సంచి (పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, రెండు కిలోల ఉలవలు పోసి కుట్టేస్తే సరిపోతుంది). ఒక పాత న్యూస్‌పేపర్. నోట్‌బుక్. రెండు తెల్లవారుజాములు, ఒక మధ్యాహ్నం.

1. ముందు మీకు ఏం కావాలో ఒక వాక్యంలో రాసుకోండి

"మంచి ఫోటోలు" అని రాస్తే ఉపయోగం లేదు. "లకుముకి పిట్ట నీళ్లలోకి దూకే క్షణం దొరకాలి" అనో, "కొల్లేరు ఆటపాకలో గూడబాతు దిగేటప్పుడు కన్ను షార్ప్‌గా ఉండాలి" అనో, "పొద్దు పొడవక ముందు గుడ్డికొంగను చుక్కలు లేకుండా తీయాలి" అనో రాయండి. ఈ మూడింటికీ మందు వేరు. ఆ కాగితం చివరిదాకా దగ్గర ఉంచుకోండి.

2. 200 ఫోటోలు కుప్పలు పోయండి

అసలు పని ఇదే. ఓపిగ్గా చేస్తే సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది, మిగతా అడుగులు చేయకపోయినా ఇది మాత్రం చేయండి.

పాడైపోయిన ఫోటోలు 200 తీసుకుని, ఒక్కొక్కటి వంద శాతానికి పెద్దది చేసి చూసి, ఎందుకు పాడైందో బట్టి వేర్వేరు ఫోల్డర్లలో వేయండి. ఎలా గుర్తుపట్టాలంటే:

ఫోకస్ తప్పింది: పక్షి మసగ్గా ఉండి, దాని ముందో వెనకో ఇంకేదో స్పష్టంగా ఉంటుంది. నా దగ్గర ఒక ఫోటో ఉంది. రొయ్యల చెరువులో ఏరేటర్ పక్కన పాతిన వెదురు కర్ర మీద లకుముకి కూర్చుంది, ముక్కులో రొయ్య, దాని మీసాలు రెండు పక్కలా వేలాడుతున్నాయి. అంత మంచి క్షణంలో పిట్ట కన్ను మాత్రం మెత్తగా ఉంది, జానెడు ముందున్న నైలాన్ తాడు మాత్రం పోగు పోగూ లెక్కపెట్టేలా ఉంది. అది లెన్స్ తప్పు కాదు, సెన్సర్ తప్పు కాదు, ఫోకస్ తాడు మీద పడింది, అంతే.

చెయ్యి కదిలింది: ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకి సాగినట్టు ఉంటుంది. కంట్లో మెరుపు చుక్కలా కాకుండా చిన్న గీతలా కనపడుతుంది.

పక్షి కదిలింది: తల బాగానే ఉంటుంది, రెక్కలు మసకగా ఉంటాయి. షట్టర్ స్పీడ్ చాలలేదు.

గాలి వేడెక్కింది: ఏదీ స్పష్టంగా ఉండదు, అంచులు నీళ్లలో నీడలా వంకరగా ఉంటాయి. దీని సంగతి నాలుగో అడుగులో.

పక్షి మరీ చిన్నది: అంతా సవ్యంగానే ఉంటుంది, కానీ కత్తిరిస్తే మిగిలేది ఏమీ ఉండదు.

చుక్కలు, అంటే నాయిస్: చీకట్లోనో మబ్బులోనో తీసినవి, ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు కెమెరాలో పెంచే అంకె) పెరిగినవి.

క్షణం తప్పింది: కెమెరా ఫోకస్ వెతుక్కుంటూ ఉండగానే పక్షి వెళ్లిపోయింది, లేదా వరసగా తీస్తుంటే మధ్యలో కెమెరా ఆగిపోయింది. ఇలాంటివి కార్డులో ఉండవు కాబట్టి గుర్తున్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కొత్త బాడీ నేరుగా బాగుచేసేది ఆఖరి ఫోల్డర్‌ని, ఫోకస్ తప్పిన ఫోల్డర్‌లో కొంత భాగాన్ని, నాయిస్‌లో కొద్ది భాగాన్ని. మిగతా నాలుగూ బాడీ మార్చినా అలాగే ఉంటాయి. నేను మొదటిసారి ఇలా లెక్క తీసినప్పుడు సగానికి పైగా షట్టర్ స్పీడ్, వేడి గాలి ఫోల్డర్లలోనే పడ్డాయి. అప్పటికే బాడీ కొనేశాను.

చాలామంది చేసే పొరపాటు: బాగా వచ్చిన ఫోటోలు చూసి "ఇంకా బాగా రావాలి" అనుకోవడం. పాడైనవి చూడండి. జవాబు వాటిలోనే ఉంటుంది.

3. న్యూస్‌పేపర్ పరీక్ష

పొద్దున ఎండ ముదరక ముందు, పేపర్‌ని గోడకి బిగుతుగా అంటించి, 15 మీటర్ల దూరంలో కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. లెన్స్ పూర్తిగా జూమ్ చేయండి. స్టెబిలైజర్ (చేతి అదురు తగ్గించేది) ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ముందు వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేసి ఐదు ఫోటోలు. తర్వాత లైవ్ వ్యూలో వెనక తెర మీద ఫోకస్ చేసి ఐదు. ప్రతిసారీ ఫోకస్‌ని కావాలని చెడగొట్టి మళ్లీ చేయించండి, లేకపోతే పరీక్ష చెల్లదు.

లైవ్ వ్యూలో తీసినవి స్పష్టంగా ఉండి వ్యూఫైండర్‌లో తీసినవి మెత్తగా ఉంటే మీ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతోందని అర్థం. నికాన్ డి7200, డి500, కెనాన్ 80డి, 7డి మార్క్ 2 లాంటి వాటిలో దీన్ని సరిదిద్దే ఫైన్ ట్యూన్ మెనూలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. కింది స్థాయి బాడీల్లో అది ఉండదు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో ఫోకస్ సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి ఈ బాధ దాదాపుగా ఉండదు. బాడీ మార్చడానికి ఇదొక నిజమైన కారణమే, కానీ ముందు ట్యూన్ చేసి చూడండి.

రెండూ మెత్తగానే ఉంటే లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్ తీసేసి మళ్లీ తీయండి. చవక ఫిల్టర్ 500 ఎంఎం దగ్గర ఫోటోని ఎంత పాడుచేస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ తర్వాత అపెర్చర్‌ని (లెన్స్ లోపలి రంధ్రాన్ని) ఎఫ్ 6.3 నుంచి ఎఫ్ 8కి మార్చి ఒకటి తీయండి. 150-600 జూమ్‌లు చాలావరకు 600 దగ్గర ఎఫ్ 8లో తేరుకుంటాయి. అప్పటికీ మెత్తగా ఉంటే లోపం లెన్స్‌లో ఉంది. మంచి బాడీ దాన్ని దాచదు, ఇంకా బయటపెడుతుంది.

4. వేడి గాలిని వేరు చేయండి

మన దగ్గర ఇది పెద్ద సమస్య. దీన్ని కెమెరా తప్పనుకుని బాడీలు మార్చినవాళ్లని చూశాను. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో బయటపడే బురద నేలలు, తారు రోడ్లు, అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ ఒక్కోదాని మీది గాలి ఒక్కోలా వేడెక్కుతుంది, ఆ వేడి, చల్లని గాలి పొరలు కలిసే చోట వెలుగు వంగుతుంది. కంటికి పెద్దగా తెలియదు, 500 ఎంఎం లెన్స్‌కి బాగా తెలుస్తుంది. చలికాలంలో కూడా ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. గట్టుకు అవతల కదలకుండా ఉన్న దేన్నైనా, కరెంటు స్తంభం మీది నంబరు అయినా ఫర్వాలేదు, ఉదయం ఆరున్నరకి ట్రైపాడ్ మీద నుంచి సెకనులో 2000వ వంతు షట్టర్‌తో పది ఫోటోలు తీయండి. ఫోకస్ ఒకసారి చేసి మాన్యువల్‌కి మార్చేయండి. అదే చోటు నుంచి పదకొండు గంటలకి మళ్లీ పది. పొద్దుటివి పదీ ఒకేలా ఉండి, పదకొండింటివి ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటే, ఒకదాంట్లో అంకె స్పష్టంగా, మరోదాంట్లో అలుక్కుపోయినట్టు ఉంటే, అది గాలి. ఏ బాడీ, ఎన్ని లక్షలదైనా, దాన్ని బాగుచేయలేదు.

చేయగలిగినవి రెండే. వెలుతురు వచ్చిన మొదటి రెండు గంటల్లో తీయడం, దూరం తగ్గించడం. కారులోంచి తీసేవాళ్లకి ఇంకొకటి: ఏసీ ఆపి, అద్దాలు దించి, లోపలి గాలి బయటి గాలి ఒకటయ్యేదాకా పది నిమిషాలు ఆగండి. ఏసీ చల్లదనం అద్దంలోంచి బయటికి పోతుంటే మీ లెన్స్ ముందే ఆ అలలు లేస్తాయి. ఏసీ గదిలోంచి కెమెరాని ఒక్కసారిగా తేమ గాలిలోకి తెచ్చినా లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తెల్లారి బయల్దేరే ముందు బ్యాగు మూసే ఉంచి అరగంట వరండాలో పెట్టండి.

5. ఒక వారం సెట్టింగులు మార్చి చూడండి

ఎగిరే పక్షికి కనీసం 1600వ వంతు, చిన్న పిట్టకైతే 2500 లేదా 3200. కూర్చున్న పక్షికి లెన్స్ పొడవు (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకె) ఎంతో అంత, 500 ఎంఎం అయితే 500వ వంతు, చేతిలో పట్టుకుంటే దానికి రెట్టింపు. ఐఎస్ఓ పెరుగుతుందని భయపడి షట్టర్ తగ్గించకండి. చుక్కలున్న ఫోటోని బాగుచేయొచ్చు, సాగిపోయినదాన్ని చేయలేం. ఆటో ఐఎస్ఓ పెట్టి, ఫోకస్ కంటిన్యూయస్‌లో ఉంచి, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసి వెనక బటన్‌కి ఇవ్వండి. రెండు రోజులు చేతికి ఇబ్బందిగా ఉంటుంది, మూడో రోజు అలవాటైపోతుంది.

పడవ మీద జాగ్రత్త. ఇంజిన్ ఆడుతుండగా లెన్స్‌ని పడవ అంచు మీద ఆనిస్తే ఆ అదురు మొత్తం ఫోటోలోకి వస్తుంది. ఒంటికి ఆనించుకుని చేత్తోనే పట్టుకోండి, స్టెబిలైజర్ ఆన్ చేయండి, వీలైతే సరంగుని ఒక్క నిమిషం ఇంజిన్ ఆపమని అడగండి. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద ట్రైపాడ్ వేసినా అంతే, పక్కన జనం నడిచిన ప్రతిసారీ కదులుతుంది. వాళ్లు దాటేదాకా ఆగాలి.

6. దూరం లెక్క

దీనికి కొంచెం అంకెలు కావాలి, కష్టమేమీ లేదు. పక్షి పొడవుని మిల్లీమీటర్లలో తీసుకుని, లెన్స్ పొడవుతో గుణించి, పక్షి ఉన్న దూరంతో (అదీ మిల్లీమీటర్లలోనే) భాగించండి. సెన్సర్ మీద పక్షి ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది.

మనం రోజూ చూసే తెల్ల రొమ్ము లకుముకి సుమారు 28 సెంటీమీటర్లు. 28 మీటర్ల దూరం, 500 లెన్స్. 280ని 500తో గుణించి 28,000తో భాగిస్తే 5. ఏ కెమెరా పెట్టినా సెన్సర్ మీద పిట్ట 5 మిల్లీమీటర్లే. తేడా అంతా ఆ 5 మిల్లీమీటర్లలో ఎన్ని పిక్సెళ్లు ఇమిడాయన్నదే.

24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ (డి5600, డి7200 లాంటివి): పిట్ట పొడవు సుమారు 1,280 పిక్సెళ్లు.
నికాన్ డి500, 20.9 మెగాపిక్సెల్: సుమారు 1,185.
24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్: సుమారు 840.
45.7 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్, నికాన్ డి850, జెడ్8: సుమారు 1,150.
కెనాన్ ఆర్7, 32.5 మెగాపిక్సెల్ క్రాప్: సుమారు 1,560.

నా పిట్ట ఎందుకు చిన్నదైందో ఇప్పుడు చూడండి. 1,280 నుంచి 840కి పడిపోయాను, అదీ ఎక్కువ డబ్బు పెట్టి. పెద్ద సెన్సర్ గొప్పతనం పక్షి ఫ్రేమ్ నిండినప్పుడు తెలుస్తుంది. కత్తిరించుకోవాల్సినంత దూరంలో ఉన్నప్పుడు మీరు వాడుకునేది ఆ 5 మిల్లీమీటర్లనే, మిగతా సెన్సర్ అంతా ఆకాశం, నీళ్లు.

ఇంకో సంగతి, నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇదే. అదే పాత 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీతో 28 మీటర్ల నుంచి 20 మీటర్లకి జరిగితే పిట్ట సుమారు 1,790 పిక్సెళ్లవుతుంది. ఎనిమిది మీటర్లు, అంటే పది పన్నెండు అడుగులు వేయడం, ఇక్కడి ఏ కొత్త బాడీ ఇచ్చేదాని కన్నా ఎక్కువ ఇచ్చింది. 300 లెన్స్ ఉన్నవాళ్లు 500కి మారితే పిట్ట పొడవు మూడింట రెండొంతులు పెరుగుతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లు బాడీ మాట పక్కనపెట్టి లెన్స్ చూసుకోండి.

దగ్గరికి వెళ్లడం ఎలాగంటారా? పక్షి వైపు నేరుగా నడవకండి, పక్కకి పోతున్నట్టు ఏటవాలుగా నడవండి, గట్టు మీద నిలబడకుండా గట్టుకి ఇవతల కూర్చోండి. కారులోనే ఉంటే చాలా పక్షులు పట్టించుకోవు, అద్దం దించి గింజల సంచి మీద లెన్స్ పెట్టండి. సముద్రపు బురద నేలల్లో పోటు వేళలు తెలుసుకుని వెళ్లండి. నీళ్లు వెనక్కి పోయాక వెళ్తే ఉల్లంకి పిట్టలు అర కిలోమీటరు అవతల చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతున్నప్పుడు ముందే వెళ్లి ఒడ్డున కదలకుండా కూర్చుంటే నీళ్లే వాటిని మీ వైపు తోసుకొస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఈ పోటు లెక్క ఊళ్లో చేపల వేటకెళ్లే ఏ జాలరిని అడిగినా చెప్తారు.

హెచ్చరిక: గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుంటాయి, పడవని ఇంకా దగ్గరికి పోనిమ్మని ఒత్తిడి చేయొద్దు. పెద్దవి లేచిపోతే పిల్లలు ఎండకి మాడతాయి. అక్కడ దూరం దూరంగానే ఉండాలి, ఉన్న లెన్స్‌తో వచ్చినంతే.

7. నాయిస్ ఫోల్డర్‌ని సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి

రా ఫైల్స్ (కెమెరా కుదించకుండా, మార్చకుండా దాచే ఫైళ్లు) తీసి ఉంటే వాటిలో ఐదింటిని లైట్‌రూమ్ డీనాయిస్‌లోనో, డీఎక్స్ఓ ప్యూర్‌రాలోనో పెట్టి చూడండి. 2023లో లైట్‌రూమ్‌కి ఆ సదుపాయం వచ్చాక పాత క్రాప్ కెమెరాల్లో 3200, 6400 ఐఎస్ఓ ఫైళ్లు కూడా వాడుకునేలా అయ్యాయి. జేపెగ్‌లోనే తీస్తున్నట్టయితే ముందు రాకి మారండి, అదే మీ మొదటి అప్‌గ్రేడ్. ఫోటోని చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచడం కూడా మానండి, చుక్కలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

8. ఇప్పుడు నిర్ణయం

ఇన్ని చేశాక కూడా "క్షణం తప్పింది", "ఫోకస్ తప్పింది" ఫోల్డర్లే పెద్దవిగా ఉన్నాయంటే, బాడీ మార్చండి. నిస్సంకోచంగా మార్చండి. ముఖ్యంగా కెనాన్ 1500డి లాంటిది (9 ఫోకస్ పాయింట్లు, సెకనుకి 3 ఫోటోలు) పెట్టుకుని ఎగిరే గద్దని పట్టాలని తంటాలు పడుతున్నవాళ్లకి తేడా మొదటి రోజే తెలుస్తుంది.

కొత్త బాడీల్లో నిజంగా డబ్బు పెట్టదగ్గవి రెండు. ఒకటి, పక్షిని, దాని కన్నుని తనే గుర్తుపట్టే ఫోకస్. ఆర్7, సోనీ ఏ6700, నికాన్ జెడ్50-2, జెడ్8లలో ఉంది. ఇక్కడ మోసపోకండి, మిర్రర్‌లెస్ అయినంత మాత్రాన అది ఉండదు. మొదటి జెడ్50లో జంతువుల కన్ను అంటే కుక్కలు, పిల్లులు మాత్రమే. రెండోది ప్రీ క్యాప్చర్. మీరు బటన్ నొక్కడానికి ముందు జరిగినది కూడా కెమెరా దాచి ఉంచుతుంది. లకుముకి దూకడం చూసి వేలు నొక్కేసరికి అది నీళ్లలో ఉంటుంది, మనిషి చేతికి అంత వేగం లేదు, ఎంత సాధన చేసినా రాదు. మొదటి అడుగులో మీరు రాసుకున్న వాక్యం లకుముకి దూకడమే అయితే మీకు కొత్త బాడీ అవసరం ఉంది.

ఒక జాగ్రత్త: శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌లో, స్టాక్డ్ సెన్సర్ (ఫోటోని చాలా వేగంగా చదివే సెన్సర్) లేని కెమెరాలు వేగంగా కొట్టే రెక్కలని వంకరగా చూపిస్తాయి. ఆర్7లో ఇది బాగా కనపడుతుంది. జెడ్8లో సమస్య దాదాపు లేదు.

టెలికన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య తగిలించి దూరాన్ని ఇంకా దగ్గర చేసేది) వాడేవాళ్లకి ఇంకో కారణం ఉంది. ఎఫ్ 5.6 లెన్స్‌కి 1.4 తగిలిస్తే ఎఫ్ 8 అవుతుంది. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో అక్కడ ఫోకస్ ఆగిపోతుంది, లేదా మధ్య పాయింట్ ఒక్కటే పనిచేస్తుంది. మిర్రర్‌లెస్‌కి ఆ ఇబ్బంది లేదు.

పెద్ద ఫోల్డర్ "పక్షి చిన్నది" అయితే బాడీ వద్దు. వేడి గాలి అయితే అలారం పెట్టుకోండి. నాయిస్ అయితే ఏడో అడుగు మళ్లీ చదవండి.

9. మొత్తం ఖర్చు కాగితం మీద వేయండి

బాడీ ధర పక్కనే ఇవి రాయండి: పాత లెన్స్‌కి అడాప్టర్, వేగవంతమైన కార్డులు (జెడ్8 పూర్తి వేగంతో పనిచేయాలంటే సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కావాలి, అది ఎస్‌డీ కన్నా బాగా ఖరీదు), రెండు అదనపు బ్యాటరీలు, పెద్ద ఫైళ్లకి హార్డ్ డిస్క్. డీఎస్ఎల్ఆర్‌లో ఒక బ్యాటరీతో రోజు గడిచేది, మిర్రర్‌లెస్‌లో గడవదు. నికాన్ మిర్రర్‌లెస్‌కి డీఎస్ఎల్ఆర్ లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఏఎఫ్-ఎస్ లెన్సులు పనిచేస్తాయి, పాత ఏఎఫ్-డి లెన్సులకి ఆటోఫోకస్ రాదు. సిగ్మా, టామ్రాన్ 150-600లకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవసరం పడొచ్చు, కొనే ముందే మీ లెన్స్ తీసుకెళ్లి తగిలించి చూడండి.

10. కొనకముందు అరువు తెచ్చుకోండి

దీనికి మన దగ్గర మంచి అదను ఉంది. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ల దగ్గర కొత్త మిర్రర్‌లెస్ బాడీలు ఉంటాయి, ముహూర్తాల రోజుల్లో అడిగితే ఎవరూ ఇవ్వరు. ధనుర్మాసంలో, అంటే డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా, పెళ్లిళ్లు ఉండవు, కెమెరాలు ఖాళీ. సరిగ్గా అప్పుడే వలస పక్షులు నిండుగా ఉంటాయి. తెలిసినవాళ్లని రెండు రోజులకి అద్దెకి అడగండి. పాడైతే ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోండి, స్నేహం చెడకుండా ఉంటుంది.

రెండు బాడీలూ తీసుకెళ్లండి. ఒకే లెన్స్, ఒకే చోటు, ఒకే పక్షి. పావుగంట ఇది, పావుగంట అది. ఇంటికొచ్చి రెండో అడుగులో చేసినట్టే ఫోల్డర్లు పోయండి. పాత బాడీలో పదికి మూడు నిలిచి, కొత్తదాంట్లో ఆరేడు నిలిస్తే డబ్బు పెట్టండి. మూడు నాలుగైతే ఆగండి. ఒక్క మంచి ఫోటో చూసి పొంగిపోకండి, అది ఏ బాడీతోనైనా వస్తుంది.

11. సెకండ్ హ్యాండ్ అయితే

షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారో అడగండి. డి500, 7డి మార్క్ 2 షట్టర్లు 2 లక్షలకి, డి7200ది లక్షన్నరకి పరీక్షించినవి. నికాన్‌లో ఆ అంకె ఫోటో ఫైల్‌లోనే దొరుకుతుంది, కెనాన్‌లో చాలా మోడళ్లకి విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. ఎఫ్ 16లో తెల్లని ఆకాశాన్ని తీసి మరకలున్నాయేమో చూడండి. సముద్రం ఒడ్డున వాడిన కెమెరాలకి ఫ్లాష్ తగిలించే చోట, కింది స్క్రూల దగ్గర, లెన్స్ మౌంట్ దగ్గర తుప్పు జాడలుంటాయి. గోరుతో గీకి చూడండి, తుప్పుంటే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి, అటువైపు నుంచి సాలెగూడు దారాల్లాంటివి ఉన్నాయేమో చూడండి. అది ఫంగస్.

12. కొన్నాక మొదటి వారం

మార్చుకునే గడువు లోపలే న్యూస్‌పేపర్ పరీక్ష మళ్లీ చేయండి. కార్డు నిండేదాకా వరసగా తీసి ఎక్కడైనా ఆగుతుందేమో చూడండి. బటన్లన్నీ నొక్కండి. పాత బాడీని వెంటనే అమ్మకండి, ఒక సీజన్ ఉంచుకుని చిన్న లెన్స్ తగిలించి పెట్టుకోండి, ఉప్పు గాలిలో, పడవలో లెన్స్ మార్చే పని తప్పుతుంది.

సముద్రం వైపు వెళ్లొచ్చిన ప్రతిసారీ బాడీని, లెన్స్ గొట్టాన్ని కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఆరనిచ్చి, అప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తోలు బ్యాగులో, బీరువాలో వద్దు, మన తేమకి ఫంగస్ పట్టేది అక్కడే. డబ్బాలో చిన్న తేమ మీటర్ ఒకటి పెట్టి అంకె 40కీ 50కీ మధ్య ఉండేలా చూసుకోండి, 60 దాటితే ఆ రోజే సిలికా జెల్‌ని వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ వేయండి.